పలుచని లోహపు పొర, దాని కింది అతుకు, మధ్యలో ఆక్సిజన్

గాజు పలకల మీద పట్టు కోసం పలుచని క్రోమియం పొర, దాని పైన బంగారు ఎలక్ట్రోడ్లు వేసి వాయు సెన్సర్లు తయారుచేస్తున్న ఒక పరిశోధక విద్యార్థిని ఈ మధ్య ఒక ప్రసంగం ముగిశాక లేచి తన ఇబ్బంది చెప్పుకుంది. గాలిలో 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచేసరికి ఎలక్ట్రోడ్లు మసకబారుతున్నాయట, విద్యుత్ నిరోధం పెరిగిపోతోందట. "ఆక్సీకరణ చెందని లోహాలే వాడితే ఈ గొడవ ఉండదు కదా సర్?" అని అడిగింది. ప్రసంగించినాయన "అంతేనమ్మా, కింద వేసిన క్రోమియమే నీ సమస్య" అని చెప్పి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. క్రోమియం గురించి ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని ఆ అమ్మాయి వెళ్లబోయే దారి ఎక్కడికీ తీసుకెళ్లదని నాకు గట్టిగా అనిపించింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వేడిలో లోహపు పొర నిలవాలంటే ఆక్సిజన్‌ను దగ్గరికి రానివ్వకూడదన్న నమ్మకం మన ప్రయోగశాలల్లో బాగా పాతుకుపోయింది. నా అభిప్రాయం దాదాపు దీనికి ఎదురుగా ఉంటుంది. పొరకూ దాని కింది ఆధారానికీ మధ్యనున్న అతుకును నిలబెట్టేది చాలాసార్లు ఆక్సిజనే, తర్వాత ఆ అతుకును విడదీసేదీ అదే. అందువల్ల పొరలను రూపొందించేవారు ఆక్సీకరణ ఏ తలం దగ్గర జరగాలి, ఎంత మందానికి ఆగాలి, వేడి తగలకముందే జరిగిపోవాలా లేక తగిలాక జరగాలా అన్నది ముందుగా తేల్చుకోవాలి. దాన్ని పూర్తిగా తప్పించుకోవాలని చూసేవారు సాధారణంగా మరొక చోట దెబ్బతింటారు.

ఒట్టి బంగారం ఎందుకు నిలవదు

శుభ్రంగా కడిగిన గాజు స్లైడు మీద నేరుగా 100 నానోమీటర్ల బంగారం వేసి, దాని మీద మామూలు పారదర్శక టేపు అంటించి, వేలితో గట్టిగా రుద్ది, ఒక మూల నుంచి మెల్లగా లాగి చూడండి. బంగారమంతా టేపుతో పాటే లేచి వస్తుంది. టేపు అడుగున అది నిగనిగలాడుతూ ఉంటుంది, గాజు మాత్రం అసలేమీ వేయనట్టు తేటగా కనిపిస్తుంది. అదే గాజు మీద ముందు 5 నానోమీటర్ల క్రోమియం వేసి, వాక్యూమ్ చాంబర్ తెరవకుండానే పైన బంగారం వేస్తే, టేపు ఖాళీగా తిరిగివస్తుంది. పలుచని పొరలతో పనిచేసే ప్రతివారూ ఈ పరీక్ష చేసే ఉంటారు, కానీ దాని అర్థం దగ్గర ఆగేవారు తక్కువ. గాజు ఉపరితలం నిండా ఎక్కువగా ఉండేవి ఆక్సిజన్ పరమాణువులు. బంగారానికి ఆక్సిజన్‌తో పొత్తు కుదరదు కాబట్టి గాజుతోనూ కుదరదు. క్రోమియం, టైటానియం లాంటివి ఆ ఆక్సిజన్‌తో బంధం కలుపుకోగలవు కాబట్టే గాజును పట్టుకోగలుగుతున్నాయి. అల్యూమినియం ఇంకా ముందుకు వెళ్లి, వేడి తగిలినప్పుడు సిలికాలోని ఆక్సిజన్‌ను తానే లాక్కుని అతుకు దగ్గర అల్యూమినా కట్టుకుంటుంది. చిప్పుల్లో అల్యూమినియం తీగలు అన్ని దశాబ్దాల పాటు సిలికా మీద నమ్మకంగా నిలవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు ఆ విద్యార్థిని కోరినట్టు ఆక్సీకరణ చెందే లోహాన్ని తీసేసి, ఒట్టి బంగారాన్నే వేడిచేద్దాం. బంగారం కరిగేది 1064 డిగ్రీల దగ్గర. అయినా 10, 20 నానోమీటర్ల పొరకు కొన్ని వందల డిగ్రీలకే చిల్లులు పడతాయి. ఎక్కడా కరగకుండానే ఆ చిల్లులు వెడల్పై, ఒకదానితో ఒకటి కలిసి, చివరికి పొర అంతా విడివిడి ముద్దలుగా ముడుచుకుపోతుంది. మైఖేల్ ఫారడే 1857లో ప్రచురించిన వ్యాసంలోనే దీని జాడ ఉంది. గాజు మీద పరిచిన బంగారు రేకు గుండా వచ్చే ఆకుపచ్చని వెలుగు, రేకును వేడిచేశాక పోయిందనీ, గట్టిగా నొక్కితే మళ్లీ కనిపించిందనీ ఆయన రాశాడు. పొరలోని స్ఫటిక రేణువులు మూడు కలిసే చోట వేడికి సన్నని గుంట ఏర్పడి, అది లోతై గాజును తాకిన క్షణం నుంచి లోహం వెనక్కి తగ్గడం మొదలవుతుంది. గాజును పట్టుకుని ఉండడానికి బంగారానికి తగినంత బంధబలం లేకపోవడమే దీనికి మూలం. ఇది వాక్యూమ్‌లో కూడా జరుగుతుంది, అంటే ఇందులో ఆక్సిజన్ పాత్ర ఏమీ లేదు. వెండి విషయంలో మాత్రం గాలిలోని ఆక్సిజన్ ఈ ముడుచుకుపోవడాన్ని మరింత వేగంగా జరిపిస్తుందన్నది నా వాదనకు కొంత అడ్డు వచ్చే నిజం. అయినా బంగారం సాక్ష్యం చాలు: ఆక్సీకరణ చెందని లోహం కూడా వేడికి చెడిపోతుంది, అదీ అతుకు బలహీనత వల్లనే.

క్రోమియం పైకి వచ్చే దారి

ఆ విద్యార్థిని ఎలక్ట్రోడ్లలో జరిగింది వేరే కథ. బంగారు పొర బయటికి ఒకే రేకులా కనిపించినా, అది పదుల నానోమీటర్ల వెడల్పున్న రేణువుల కూర్పు. రేణువుల మధ్య సరిహద్దుల్లో పరమాణువులు రేణువుల లోపలి కన్నా ఎన్నో రెట్లు వేగంగా కదులుతాయి. 300 డిగ్రీల దరిదాపుల్లో కింది క్రోమియం ఈ సరిహద్దుల గుండా పైకి పాకి, బంగారం ఉపరితలం మీదికి చేరి, అక్కడ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆక్సైడుగా మారిపోతుంది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పైకి వచ్చిన క్రోమియం లోహంగానే మిగిలి ఉంటే, కొంతసేపటికి పైనా కిందా సాంద్రత సమానమై ఈ ప్రయాణం మందగించేది. కానీ వచ్చింది వచ్చినట్టు ఆక్సైడుగా మారి లెక్కలోంచి తప్పుకోవడంతో, పైన ఎప్పుడూ లోటే ఉంటుంది, కింది నుంచి సరఫరా ఆగదు. ఫలితంగా అతుకు దగ్గర క్రోమియం తరిగిపోతుంది, దారిలో బంగారంలో కలిసిన క్రోమియం వల్ల ఎలక్ట్రాన్లు చెదిరి నిరోధం పెరుగుతుంది, ఉపరితలం మసకబారుతుంది. ఆమె చూసిన లక్షణాలన్నీ ఈ ఒక్క ప్రయాణంతోనే వివరించవచ్చు.

ఇలాంటి కథే ప్లాటినం, టైటానియం జంటలోనూ ఉంది, దాని పరిష్కారం నాకు ఎంతో నచ్చుతుంది. లెడ్ జిర్కొనేట్ టైటనేట్ అనే ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాన్ని పొరగా వేసేటప్పుడు, ఆక్సిజన్ ఉన్న వాతావరణంలో 600 నుంచి 700 డిగ్రీల దాకా వేడిచేసి స్ఫటికంగా మార్చాలి. అడుగు ఎలక్ట్రోడు ప్లాటినం, దాన్ని సిలికాకు పట్టి ఉంచడానికి కింద టైటానియం. ఆ వేడిలో టైటానియం ప్లాటినం రేణువుల సరిహద్దుల గుండా పైకి వస్తుంది, ఆక్సిజన్ అదే దారిలో కిందికి దిగుతుంది. ఇద్దరూ కలిసిన చోట టైటానియం ఆక్సైడు పుడుతుంది. టైటానియం ఆక్సైడుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 1.7 రెట్లవుతుంది కాబట్టి, ప్లాటినం కింది నుంచి ఉబ్బి పొక్కులు లేస్తుంది, కొన్నిసార్లు పొర విడిపోతుంది కూడా.

ఈ రంగంలో పనిచేసినవారు టైటానియంను మానుకోలేదు. టైటానియం పొరను ముందే ఆక్సిజన్‌లో వేడిచేసి టైటానియం డయాక్సైడుగా మార్చి, లేదా నేరుగా డయాక్సైడునే వేసి, ఆ తర్వాత దాని మీద ప్లాటినం వేశారు. ఉబ్బాల్సినది ప్లాటినం రాకముందే ఉబ్బిపోయింది, ఆక్సిజన్ కోసం పైకి పరుగెత్తాల్సిన లోహం కింద మిగల్లేదు. తాజా టైటానియం ఇచ్చినంత గట్టి పట్టును దాని ఆక్సైడు ఇవ్వగలదా అన్న సందేహం సహజం. వేసిన వెంటనే కొలిస్తే పట్టు తక్కువగానే ఉండవచ్చు. కానీ 650 డిగ్రీల్లో పనిచేయాల్సిన ఎలక్ట్రోడుకు, వేడి నుంచి బయటికి వచ్చాక మిగిలిన పట్టే ముఖ్యం. ఆ కొలతలో ముందే ఆక్సీకరించిన అతుకు గెలుస్తుంది. ఆ ప్రసంగంలో విద్యార్థినికి చెప్పవలసింది ఇదేనని నా ఉద్దేశం.

ఆగే ఆక్సైడు, ఆగని ఆక్సైడు

కొంతకాలం నడిపిన మోటారు సైకిల్ సైలెన్సర్ గొట్టాన్ని ఇంజను దగ్గర వంపు తిరిగే చోట దగ్గరగా చూడండి. ఇంజనుకు దూరంగా తెల్లగా మెరిసే గొట్టం, దగ్గరికి వచ్చేకొద్దీ ఎండుగడ్డి రంగులోకి, తర్వాత ఊదాలోకి, తర్వాత నీలంలోకి మారుతుంది. ఆ రంగులు మసి వల్ల వచ్చినవి కావు. లోహం మీద పెరిగిన పదుల నానోమీటర్ల ఆక్సైడు పొరలో కాంతి రెండు తలాల నుంచి పరావర్తనం చెంది కలవడం వల్ల వచ్చినవి, ప్రతి రంగుకూ ఒక మందం ఉంటుంది. మన కమ్మరులు ఉలికి పదును పెట్టేటప్పుడు గడ్డి రంగు దగ్గర ఆపాలా, నీలం దాకా వెళ్లాలా అని కంటితో చూసి నిర్ణయించేది ఈ మందాన్నే. ఉక్కులో గడ్డి రంగు సుమారు 230 డిగ్రీలకు, నీలం సుమారు 300 డిగ్రీలకు వస్తుంది. గొట్టం మీది ఆ రంగుల పొర తుడిస్తే పోదు, పెచ్చులూడదు, అంటే ఆ మందంలో దాని అతుకు గట్టిగానే ఉంది.

అల్యూమినియం మీద ఆక్సైడు గది ఉష్ణోగ్రతలో 2 నుంచి 4 నానోమీటర్ల దగ్గర ఎందుకు ఆగిపోతుందో కాబ్రెరా, మాట్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 1949లో వివరించారు. లోహంలోని ఎలక్ట్రాన్లు పలుచని ఆక్సైడును దాటి పైనున్న ఆక్సిజన్‌ను చేరతాయి, దాంతో ఆ కాస్త మందంలో బలమైన విద్యుత్ క్షేత్రం ఏర్పడి లోహపు అయాన్లను బయటికి లాగుతుంది. పొర మందమైనకొద్దీ క్షేత్రం బలహీనపడి, ఒక దశలో అయాన్లు కదలలేవు. వేడి పెంచితే ఈ ఆంక్ష సడలుతుంది. అయాన్లు వేడి బలంతోనే కదలగలుగుతాయి, సుమారు 450 డిగ్రీలు దాటాక అమరిక లేని ఆక్సైడులో స్ఫటికాలు పుట్టడం మొదలవుతుంది. కాబట్టి గది ఉష్ణోగ్రతలో ఆగిన ఆక్సైడును చూసి వేడిలోనూ ఆగుతుందని నమ్మడం సరికాదు.

ఆక్సైడు ఘనపరిమాణాన్ని, దానికోసం ఖర్చయిన లోహపు ఘనపరిమాణంతో భాగించి చూడమని 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్ అనే పరిశోధకులు చెప్పారు. మెగ్నీషియానికి ఆ నిష్పత్తి 0.81, అంటే ఆక్సైడు లోహాన్ని పూర్తిగా కప్పలేదు. అల్యూమినియానికి 1.28, క్రోమియానికి సుమారు 2. ఇది మొరటు కొలమానమే, అయినా అతుకు మీద ఎంత ఒత్తిడి పడబోతోందో ముందే హెచ్చరిస్తుంది. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో తయారయ్యే అణు రియాక్టర్ల జిర్కోనియం మిశ్రలోహపు ప్రెజర్ ట్యూబులను సుమారు 400 డిగ్రీల ఆవిరిలో ఉంచి, కావాలనే నల్లని నిగనిగలాడే ఆక్సైడును పెంచుతారు. ఆ నల్లని పొర లోహానికి గట్టిగా అంటుకుని, లోపలి లోహాన్ని కాపాడుతుంది. అదే ఆక్సైడు ఒక హద్దు దాటి మందమైతే, పగుళ్లు పడి, తెల్లబారి, రాలిపోయే స్థితికి వస్తుంది. రక్షణ, విధ్వంసం రెండూ ఒకే పదార్థం చేస్తోంది, తేడా మందంలోనూ అతుకులోనూ ఉంది.

ఎదురయ్యే అభ్యంతరాలు

రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడం చూసినవారు నన్ను నిలదీయవచ్చు. గిన్నెను వేడిచేసి, నవాసారం చల్లి గుడ్డతో రుద్దితే తెల్లని పొగ లేస్తుంది, ఆక్సైడు తొలగిపోయి లోహం తేటపడుతుంది, అప్పుడే తగరం పరుచుకుంటుంది. ఆక్సైడు కాస్త మిగిలినా ఆ చోట కళాయి పట్టదు. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, నా వాదనకు హద్దు గీసేది కూడా ఇదే. లోహం మీద లోహం నిలవాలంటే తగరమూ రాగీ నేరుగా కలిసి మిశ్రమాలు కట్టుకోవాలి, మధ్యలో ఆక్సైడు అడ్డు. గాజు, సిలికా, పింగాణీ లాంటి ఆక్సైడుల మీద లోహం నిలవాలన్నప్పుడు మాత్రం ఆక్సిజన్ పొత్తు తప్పనిసరి. అలాగే విద్యుత్తు దాటాల్సిన స్పర్శ తలాల దగ్గర ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడు కూడా పరికరాన్ని చెడగొట్టగలదు.

రాగి రెండో అభ్యంతరం. దాని ఆక్సైడు అల్యూమినియంలా తనంతట ఆగదు, పైగా రాగి సిలికాలోకి చొరబడుతుంది. 1997లో ఐబీఎం చిప్పుల్లో రాగి తీగలను ప్రకటించినప్పటి నుంచి పరిశ్రమ వాటిని టాంటలం లాంటి అడ్డు పొరల మధ్య దాచుకుంటూ వచ్చింది. కానీ ఇక్కడ కూడా ఒక అందమైన మలుపు ఉంది. 2005లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయ పరిశోధకులు రాగిలో కొద్దిగా మాంగనీసు కలిపి సిలికా మీద వేసి వేడిచేశారు. మాంగనీసు అతుకు దగ్గరికి చేరి, సిలికాలోని ఆక్సిజన్‌తో కలిసి, కొన్ని నానోమీటర్ల అడ్డు పొరను తానే కట్టుకుంది. క్రోమియం పైకి పారిపోవడానికి కారణమైన ఆ ఆక్సిజన్ ఆకర్షణే ఇక్కడ మాంగనీసును కిందికి, మనకు కావలసిన చోటికి తీసుకొచ్చింది.

హైదరాబాదు గచ్చిబౌలి వైపు లేచిన గాజు భవనాలకు వాడే వేడిని ఆపే అద్దాల్లో సుమారు 10 నానోమీటర్ల వెండి పొర ఉంటుంది. ఆ అద్దాన్ని టెంపరింగ్ కోసం, అంటే గట్టిపరచడానికి, 650 డిగ్రీల దాకా వేడిచేయాలి, ఆ వేడికి వెండి ముద్దలై పోవాలి. పోకుండా ఉండడానికి వెండి పక్కనే ఒకటి రెండు నానోమీటర్ల టైటానియం లేదా నికెల్ క్రోమియం పొర వేస్తారు. వచ్చే ఆక్సిజన్‌ను అది ముందుగా పట్టుకుని తాను ఆక్సైడవుతుంది, అయ్యాక పారదర్శకంగా మారి అద్దానికి అడ్డు రాకుండా పోతుంది. ఎంత ఆక్సీకరణ జరుగుతుందో లెక్కవేసి, దానికి సరిపడా లోహాన్ని ముందే ఖర్చు రాసి పెట్టడం ఇది.

చల్లారేటప్పుడు జరిగేది

వేడి గురించి ఇంత చెప్పుకున్నా, పొరలు విడిపోయేది ఎక్కువగా చల్లారేటప్పుడే. విమాన ఇంజన్ల టర్బైన్ రెక్కల మీద జిర్కోనియా పూతకూ లోహానికీ మధ్య అల్యూమినా పొర దానంతట అదే పెరుగుతుంది. 1000 డిగ్రీల పైన అది సుఖంగానే ఉంటుంది. చల్లారేటప్పుడు నికెల్ మిశ్రలోహం ఎక్కువగా, అల్యూమినా తక్కువగా కుంచించుకుపోవడంతో, గది ఉష్ణోగ్రతకు చేరేసరికి ఆక్సైడులో 3, 4 గిగాపాస్కళ్ల సంపీడన ఒత్తిడి మిగులుతుంది. అతుకును విడదీయడానికి అందుబాటులో ఉండే శక్తి పొర మందంతో పాటు పెరుగుతుంది కాబట్టి, అల్యూమినా కొన్ని మైక్రాన్లు దాటేసరికి పైపూతతో సహా పెచ్చులూడే ప్రమాదం వస్తుంది.

ఇక్కడ అతుకును బలహీనపరిచేది లోహంలో కొన్ని పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) పాళ్లలో దాగిన గంధకమని 1980లలో తేలింది. వేడిలో గంధకం ఆక్సైడు, లోహం కలిసే తలానికి చేరి బంధాలను తెంచుతుంది. చిటికెడు ఇట్రియం కలిపితే అది గంధకాన్ని కట్టిపడేస్తుంది, ఆక్సైడు అంటుకుని ఉంటుంది. ఇట్రియం లాంటి మూలకాల మేలు 1937 నాటి పేటెంటులోనే నమోదైంది, దానిలో గంధకం పాత్ర తెలియడానికి అర్ధశతాబ్దం పట్టింది. ఇట్రియం లేకుండానే, హైడ్రోజన్‌లో వేడిచేసి గంధకాన్ని ఒక పీపీఎం కన్నా తగ్గించినా పట్టు నిలుస్తుందని చూపిన ప్రయోగాలు ఈ వివరణను బలపరిచాయి.

ఈ రంగంలో బాగా తెలిసిన మరో అనుభవం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. ఫర్నేస్ నుంచి తీసిన నమూనా చల్లారాక కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది, తూకం వేసి, ఫొటో తీసి బల్ల మీద పెడతారు, గంటల తర్వాతో మరునాడో దానంతట అదే పెచ్చులూడుతుంది. అంచున ఒక నీటి బొట్టు వేస్తే కళ్లముందే ఊడడమూ ఉంది. గాలిలోని తేమ అతుకులోకి చేరి పగులును ముందుకు నడుపుతుంది. "వేడి పరీక్షలో నెగ్గింది" అని రాసుకున్న ఫలితాల్లో ఎన్ని ఫర్నేస్ తలుపు తీసిన గంటలోపు చూసినవో అని నాకు అనుమానం.

క్వాంటమ్ చిప్పుల గుండె కూడా ఇదే

అమరావతి క్వాంటమ్ వ్యాలీ గురించి పత్రికల్లో చదువుతున్నవారికి ఒక చిన్న సంగతి. క్వాంటమ్ కంప్యూటరు లెక్కలకు మూల ఘటకాలైన సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లలో కీలకమైన జంక్షన్ అంటే రెండు అల్యూమినియం పొరల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల అల్యూమినియం ఆక్సైడు. చాంబర్‌లోకి కొలిచిన ఆక్సిజన్‌ను వదిలి ఆ ఆక్సైడును పెంచుతారు. తయారయ్యాక ఒక్కో జంక్షన్ నిరోధం కాస్త అటూఇటూ ఉండడంతో, ఐబీఎం పరిశోధకులు ఒక్కో క్యూబిట్‌ను లేజరుతో విడిగా వేడిచేసి, నిరోధాన్ని కొద్ది శాతం పెంచి, పౌనఃపున్యాన్ని కోరిన విలువకు తెస్తున్నారు. వేడిలో ఆక్సైడు అతుకు మారుతుందన్న భయాన్ని వాళ్లు పనిముట్టుగా మార్చుకున్నారు.

లాగ్‌బుక్కులో ఒక గడి

నన్ను ఇంకా వెంటాడుతున్న సందేహం ఒకటుంది. మనం "శుద్ధ క్రోమియం" వేస్తున్నామని అనుకునేటప్పుడు నిజంగా ఏం వేస్తున్నాం? టార్ అనే పీడన ప్రమాణంలో పది లక్షల వంతు దగ్గర కూడా, ఒక ఉపరితలాన్ని ఒక వరసగా కప్పేందుకు సరిపడే వాయు అణువులు సుమారు ఒక సెకనులో వచ్చి తాకుతాయి. ముందుగా వేడిచేసి తేమ పోగొట్టని (బేక్ చేయని) చాంబర్లలో వాటిలో ఎక్కువ నీటి ఆవిరే. క్రోమియంను సెకనుకు 0.1 నానోమీటర్ వేగంతో వేస్తే ఒక వరస పరమాణువులు పేరడానికి రెండు సెకన్ల దాకా పడుతుంది. తాకిన ప్రతి అణువూ అతుక్కోకపోయినా, ఆక్సిజన్ మీద అంత ఆశ ఉన్న లోహంలోకి దాని వాటా తప్పకుండా చేరుతుంది. అంటే చాలా ప్రయోగశాలల్లో అతుకు పొర వేసే క్షణానికే కొంత ఆక్సీకరణ మనకు తెలియకుండా జరిగిపోతోంది, ఎంత జరిగిందన్నది ఆనాటి పంపు పనితీరు, గాలిలోని తేమ నిర్ణయిస్తున్నాయి.

ఆ విద్యార్థినికి నా సలహా ఇది. క్రోమియం బదులు టైటానియంతోనో టాంటలంతోనో ప్రయత్నించవచ్చు. ఏది వాడినా బంగారం వేయకముందు దాన్ని నియమిత ఆక్సిజన్‌లో కొంత ఆక్సీకరించినదీ, ఆక్సీకరించనిదీ రెండు రకాల నమూనాలు పక్కపక్కన 350 డిగ్రీల్లో పెట్టి, చల్లారిన వెంటనే ఒకసారి, మరునాడు ఒకసారి నిరోధం కొలిచి, టేపు పరీక్ష చేయాలి. లాగ్‌బుక్కులో మందం, ఉష్ణోగ్రతల పక్కన అతుకు పొర వేసే నిమిషంలోని పీడనానికి, వేసిన వేగానికి తప్పకుండా ఒక గడి పెట్టుకోవాలి. ఒకే మందమని రాసుకున్న క్రోమియం వారం తేడాతో వేడిలో వేరువేరుగా ప్రవర్తిస్తే, నేను మొదట తెరిచి చూసేది ఆ గడినే.